పదకొండో నంబరు గుల్ల

లాలాపేటలో మా పెదనాన్న సాంబాచారి
పగలు ముక్కుపుడకలు చేసేవాడు.
రాత్రి కొట్టు తలుపులు వేశాక
అదే పీట మీద, అదే దీపం కింద
తూటాలు నింపేవాడు.

పొగాకు కంపెనీ దొర ఊరొదిలి పోతూ
బాకీ కింద పడేసి పోయిన తుపాకీ.
దొరసాని వడ్డాణం చేయించుకుంది, డబ్బివ్వలేదు,
పెద్దమ్మకి ఇప్పటికీ ఆ కచ్చ పోలేదు.
లైసెన్సు పుస్తకంలో దాని పేరు మూడు లైన్లు.
ఆయనకి మాత్రం "మన లీవరు".
గొట్టంలో నా చూపుడువేలు సులువుగా దూరేది.
కింది కొక్కేన్ని అడకత్తెరలా తెరిచి మూస్తే
చక్, చక్.
ఎండు వక్క పగిలినంత శుభ్రంగా.

"ఆ సైజు తూటా ఇక రాదు, మర్చిపో ఆచారీ"
అన్నాట్ట బెజవాడలో ఏలూరు రోడ్డు కొట్టాయన.
మర్చిపోయే మనిషైతే కదా.
మిగిలినవి ఇరవై ఖాళీ గుల్లలు.
ఇరవైటికీ అంచున సన్న ఉలితో అంకెలు చెక్కాడు.
ఎన్నోది ఎన్నిసార్లు కాలిందో
బంగారం బాకీల పుస్తకంలోనే, వెనక పేజీల్లో.

గుల్లలు తోమడం నా పని. చింతపండుతో.
"దేవుడి చెంబులకి లేని చింతపండు
ఈ దిక్కుమాలిన గొట్టాలకా" అనేది పెద్దమ్మ.
"ఆడపిల్లకి మందు వాసన పడితే ఎవడు చేసుకుంటాడు"
అని కూడా అనేది.
వాసన నాకు బాగుండేది, అగ్గిపెట్టె కొత్తగా తెరిచినట్టు.

మందు తూచేటప్పుడు ఫ్యాను ఆపేవాడు.
మే నెల, గుంటూరు.
ముక్కు కొనన వేలాడే చెమట చుక్క కూడా
ఆయన మాట విని ఆగేది.
ఇంగ్లీషు పుస్తకంలో గ్రెయిన్లని ఉంటే
గురివిందల్లోకి, వడ్లగింజల్లోకి మార్చుకుని
ముల్లు నిలబడేదాకా ఊపిరి తీసేవాడు కాదు.
"తులం తప్పితే బేరం పోద్ది,
ఇక్కడ తప్పితే మొహం పోద్దే అమ్మాయ్."

ఇంత చేసీ కాల్చింది దేన్నట?
పేరేచర్ల క్వారీలో మట్టి దిబ్బని.
ఆదివారం నాలుగు తూటాలు, ఇంటికొచ్చి నాలుగు రోజుల ముచ్చట.
భుజం మీద ఊదా రంగు కమిలిన మచ్చని
పెద్దమ్మకి చూపించి మురిసేవాడు.

ఒకే ఒక్కసారి పిలుపొచ్చింది.
బొల్లాపల్లి అవతల మొక్కజొన్నలో పందులు,
ఫారెస్టు వాళ్ళ కాగితంతో సహా వచ్చాడు అంకినీడు.
గొడవ చేసి నేనూ ఎక్కాను జీపు.
తెల్లవారుజామున చేను కదిలింది.
నల్లగా, దూడంత.
పేలుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి.
చేతి అలవాటు కొక్కేన్ని లాగేసింది,
గుల్ల ఎగిరి ఎటో పడింది.
పంది మాత్రం పడలేదు,
కంచె తెంచుకుని కొండ దారి పట్టింది.

అంకినీడు నెత్తి కొట్టుకుంటున్నాడు.
ఈయన మోకాళ్ళ మీద, నోట్లో టార్చి,
మొక్కజొన్న మొదళ్ళ మధ్య వెతుకుతున్నాడు.
"పందటు పోయిందయ్యా!"
"పంది కాదయ్యా, పదకొండో నంబరు!"
పొద్దెక్కేదాకా వెతికాం.
జీపులో ఒక్క మాట:
"మోత విన్నావా? తూకం ఎంత కుదిరిందో!"

ఇప్పుడు లీవరు స్టేషన్లో ఉంది.
ఏదో ఎలక్షన్లకి అప్పజెప్పాం,
తెచ్చుకోవాల్సినాయన లేడు.
రసీదు నా దగ్గరే.
పీట మీద నేను కూర్చుంటున్నాను,
తూకానికి కరెంటు కాటా, అంకెలు వాటంతటవే వెలుగుతాయి.
ఫ్యాను ఆపే అలవాటు మాత్రం పోలేదు,
బేరానికొచ్చినవాళ్ళు విసుక్కుంటారు.

మొన్న అంకినీడు వచ్చాడు, మనవరాలి కమ్మలకి.
జేబులోంచి కాగితం పొట్లం తీశాడు,
దున్నుతుంటే నాగలికి తగిలిందట.
పచ్చగా చిలుం పట్టి, నోటినిండా నల్లమట్టి.
అంచు మీద రెండు ఒకట్లు.

అర్ధరాత్రి తొట్టి దగ్గర కూర్చుని తోముతుంటే
పెద్దమ్మ లేచొచ్చింది.
"ఎందుకే ఇంకా అది?"
"చింతపండు ఇంకొంచెం ఇయ్యి" అన్నాను.